మూడు చెంబుల దోవ

నేను అబద్ధాలకోరునని మా వైపు అందరికీ తెలుసు. పెళ్లిళ్లలో, బస్టాండుల్లో, పరీక్ష పేపర్లు దిద్దే గదుల్లో నన్ను మధ్యలో కూర్చోబెట్టుకుని కోతలు కోయించుకుంటారు. తెలుగు పంతులుకు జీతం పాఠాలకే ఇస్తారు గాని, టీ మాత్రం కోతలకే పోస్తారు. అబద్ధం రుచి నాకు తెలిసినంత ఈ చుట్టుపక్కల ఇంకొకరికి తెలియదు. అందుకే చెబుతున్నాను. మొన్న మా హైస్కూల్లో డ్రిల్లు మాస్టరు సంతాప సభలో గంటన్నర సేపు విన్నవి అబద్ధాలు కూడా కావు. అబద్ధానికి కష్టపడాలి. అల్లాలి, నిలబెట్టాలి, ఎదుటివాడి కళ్లలోకి చూస్తూ చెప్పాలి. అవి చెమట పట్టని మాటలు.

ఆయన పేరు నేను రాయను. ఆ సభలో ఆ పేరును పలికిన నోళ్లను చూశాక దాన్ని నేనైనా కొంతకాలం ముట్టుకోకుండా ఉంచాలనిపించింది.

అందరికన్నా చివర మాట్లాడినవాడు ఒకప్పుడు పరుగు పందేల సెలక్షన్ కమిటీలో ఉన్న పెద్దమనిషి. జిల్లా కేంద్రం నుంచి జీపులో వచ్చాడు. కండువా సర్దుకుని, గొంతు తగ్గించి ఇలా అన్నాడు: "ఆయన తన జీవితంలో ఒకే ఒక్కసారి కొలతలో పొరపాటు చేశారు. ఆ పొరపాటును ఆయనే ఒప్పుకున్నారు. మేము పెద్ద మనసుతో క్షమించాం."

క్షమించాడట! నా కుర్చీ కింద ఎవరో కుంపటి పెట్టినట్టయింది.

ఆ సంగతికి వస్తాను. ముందు మనిషిని చూపించాలి.

ఆయన్ని తలచుకుంటే నాకు ముఖం కన్నా ముందు చప్పుడు వస్తుంది. టక్. సైకిలు ముందు చక్రం, దానికి ఒక ఇనప పిడి, చక్రం పుల్లలకు కట్టిన రేకుముక్క. చక్రం ఒక చుట్టు తిరిగితే రేకు పిడికి తగిలి టక్కుమంటుంది. చుట్టుకు సరిగ్గా రెండు మీటర్లు రావాలని కమ్మరి దగ్గర రిమ్ము కోయించి అతికించి, మళ్లీ కోయించి మళ్లీ అతికించి, చివరికి ఆ కమ్మరి "నాతో కాదు సామీ, నువ్వే భూమిని రవ్వంత సాగదీసుకో" అని దండం పెట్టేదాకా వదల్లేదు. ఆ చక్రాన్ని ఎడమ చేత్తో తోసీ తోసీ ఎడమ భుజం కిందికి జారిపోయింది. చక్రం లేనప్పుడు కూడా అలాగే నడిచేవాడు. పెళ్లి పందిట్లోకి కూడా ఏదో తోసుకుంటూ వస్తున్నట్టే వచ్చేవాడు.

వంద టక్కులకు ఒక చెనక్కాయ. అంటే రెండు వందల మీటర్లు. ఎడమ జేబు నిండా కాయలు పోసుకుని, వంద కాగానే ఒకటి తీసి కుడి జేబులో వేసుకునేవాడు. చివర్లో కుడి జేబు కాయలు లెక్కపెడితే దూరం తేలుతుంది. లెక్క పెడుతున్నంతసేపు నోరు తెరవడు. మనం ఇరవయ్యో టక్కు దగ్గర ఏదైనా అడిగితే, వందో టక్కు తర్వాత, కాయ జేబు మారాక, జవాబు వచ్చేది. ఈ అలవాటు ఆయనకు ఎంత ముదిరిందంటే స్టాఫ్ రూములో "టీ తాగుదామా సారూ" అని అడిగినా ముందు కాసేపు గోడకేసి చూసేవాడు. ఈలోగా టీ చల్లారేది.

ఈ కొలతలన్నీ క్రాస్ కంట్రీ కోసం. ట్రాకు మీద కాకుండా చేల గట్లు, వంకలు, మిట్టలు దాటుకుంటూ పరిగెత్తే పందెం అది. గార్లదిన్నె అవతల మా పల్లెలో ట్రాకు ఎక్కడిది? ఉన్నదల్లా మిట్టలే.

అయితే దూరంతో ఆయనకు తృప్తి లేదు.

"దూరం కొలిచేది సర్వేయరుకు గూడా చాతనవుతాదప్పా. దోవ మనిషిని ఎంత తింటాదో ఎవురన్నా కొలిచినారా?" అనేవాడు.

దాన్ని ఆయన చెంబుల్లో కొలిచేవాడు. మిట్టమధ్యాహ్నం నిక్కరు వేసుకుని చెనక్కాయల మిల్లుకు పోయి, బస్తాలు తూచే కాటా ఎక్కి తూగేవాడు. దోవంతా పరిగెత్తి వచ్చి మళ్లీ తూగేవాడు. మధ్యలో చుక్క నీళ్లు ముట్టడు. తగ్గిన బరువు ఎన్ని చెంబుల నీళ్లకు సమానమో, దోవ అన్ని చెంబులది. మిల్లులో హమాలీలకు అది రోజూ వేడుక. "సారు ఇయ్యాల తాలుకాయ మాదిరి తూగినాడు" అని అరిచేవాళ్లు. ఆయన నవ్వడు. నోటుబుక్కులో రాసుకునేవాడు. గుంతకల్లు రైల్వే మైదానాల చుట్టూ ఆరు కిలోమీటర్లు: ఒక చెంబు. కొత్తచెరువు రోడ్డు పక్కన ఆరు: ఒకటిన్నర. పెన్న ఇసుకలో ఆరు: నాలుగు, మనుషులను పరిగెత్తించరాదు, పశువులను కూడా.

నా కోతలను కూడా కొలిచినవాడు ఆయనొక్కడే. ఒకసారి స్టాఫ్ రూములో నేను "మా ఊరి రాతిగుండు మీద ఎండాకాలం కోడి గుడ్డు పెడితే ఉడికిన గుడ్డే పడుతుంది" అన్నాను. అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు.

"కొలిచినావా?" అన్నాడు.

మరుసటి రోజు కోడిగుడ్డు, గడియారం పట్టుకుని ఆ గుండు ఎక్కాడు. సాయంత్రం వచ్చి నా ముందు నిలబడి తీర్పు చెప్పాడు. "పగలగొట్టి పోస్తే గంటన్నరకు అంచు మాత్రం తెల్లబడింది. నీది పావు నిజమప్పా."

అప్పటి నుంచి నా ప్రతి కోతకూ ఆయన దగ్గర ఒక వంతు ఉండేది. పావు, అర, అరకు కొంచెం తక్కువ. ముప్పావు ఎప్పుడూ రాలేదు. నాకు కోపం వచ్చేది. ఇప్పుడు తలచుకుంటే, నా మాటను అంత శ్రద్ధగా విన్న మనిషి ఈ భూమ్మీద ఇంకొకడు లేడు.

ఇక అసలు సంగతి. పదేళ్ల కిందటి మాట. మూడేళ్లు వరుసగా వానల్లేవు. చెనక్కాయ విత్తనం భూమిలోనే వేగిపోయింది. మా బడిలో చదివి వెళ్లిన సువార్త అనే పిల్ల కూలికి పోతూ, తెల్లవారుజామున మాత్రం పరిగెత్తేది. చర్చి వీధి పిల్ల. చెప్పులు లేని కాళ్లు, పల్లేరు ముళ్లు గుచ్చుకున్నా ఆగి చూసుకునేది కాదు. రాష్ట్ర జట్టులో చోటు దొరికితే గుంతకల్లు రైల్వేలో ఆటల కోటా కింద ఉద్యోగం వచ్చే వీలుందని తెలిసింది. ఆ పిల్లకు, ఆ పిల్ల వెనక ఉన్న నాలుగు కడుపులకు, అదొక్కటే దోవ.

సెలక్షన్ ఎట్లా పెట్టారయ్యా అంటే, ఏ జిల్లా వాళ్లు ఆ జిల్లాలోనే, ఒకే రోజు, ఆరు కిలోమీటర్లు పరిగెత్తాలి. టైములు పంపాలి. అన్నీ పక్కపక్కన పెట్టి ఎంచుతారు. కాలవ గట్టు మీద, చెట్ల నీడన పరిగెత్తినవాళ్లదీ ఆరే, మా గుండ్ల మీద పరిగెత్తినవాళ్లదీ ఆరే!

"సారూ, ఆరు యాడన్నా ఆరే గదా?" అంది సువార్త.

"కాదమ్మా. మందిది ఒగ చెంబు దోవ, మనది రెండున్నర. నేను రాసి పంపుతా. నువ్వు పరిగెత్తు," అన్నాడు ఆయన. సెలక్షన్ పెద్దమనిషి కూడా "మీ పట్టిక పంపండి మాస్టారూ, తప్పకుండా చూస్తాం" అన్నాడు.

దోవ కొలిచే రోజు నన్ను వెంట రమ్మన్నాడు. ఆయనకు నడుము పట్టుకుంది. రాళ్లలో చక్రాన్ని రెండు చేతులా పట్టుకోవాలి, ఒక జేబులోకి చెయ్యి పోనిచ్చినా రెండో జేబుకు మార్చే వీల్లేదు. "వందకొగ కాయ నీకిస్తా. నీ జేబులో వేసుకో. అంతే నీ పని," అన్నాడు.

అంతే నా పని.

ఆయన మాట్లాడడు. ఎండ మాడ్చేస్తోంది. నేను మాట్లాడకుండా ఉండలేను. మా తాత ఒక మబ్బును గార్లదిన్నె దగ్గర చూసి, పగ్గం తీసుకుని గుంతకల్లు దాకా తరిమిన కథ మొదలుపెట్టాను. జంక్షన్‌లో ఆ మబ్బు మద్రాసు రైలెక్కేసింది, మా తాత దగ్గర ప్లాట్‌ఫారం టికెట్టు లేక గేటు దగ్గర ఆపేశారు, అప్పటినుంచీ మన వాన మద్రాసులో కురుస్తోంది. కథ మంచి పట్టులో ఉంది. చేతిలో చెనక్కాయ ఉంది. చేతిలో చెనక్కాయ ఉండి, నోట్లో కథ ఉండి, ఊరికే ఉండగలిగిన అనంతపురం మనిషి ఇంకా పుట్టలేదు. పెంకు చిటుక్కుమన్న చప్పుడు చక్రం టక్కులో కలిసిపోయింది.

బడి గేటు దగ్గరికి వచ్చి ఆగాడు. "నా కన్ను ముప్పై అంటాంది. లెక్కపెట్టప్పా."

లెక్కపెట్టాను. ఇరవై ఏడు.

నాకు తెలియదా? సగం తెలుసు. నాలుక మీద పచ్చికాయ పాల రుచి ఇంకా ఉంది. కాని ఎన్ని తిన్నానో తెలియదు. చెబితే మళ్లీ మొదటినుంచి, ఆ ఎండలో, ఆరు కిలోమీటర్లు. మిట్టమధ్యాహ్నం. నోరు మూసుకున్నాను. జీవితంలో నేను నోరు మూసుకున్నది ఆ ఒక్కసారే, అదీ మూయకూడని చోట.

ఆయన గేటు వైపు చూశాడు, నా చేతిలో కాయల వైపు చూశాడు. "నా కన్ను తప్పు చెప్తాదప్పా. కాయ చెప్పదు," అన్నాడు. ఇంకో మూడు వందల చుట్లు కలపడానికి చక్రాన్ని గుండు వాలు వైపు తిప్పాడు. ఆ దోవలో అదే పాపిష్టి ముక్క. నిటారుగా ఎక్కి, గులకరాళ్ల మీద జారుతూ దిగాలి.

మరుసటి రోజు మిల్లు కాటా మీద తూగితే మూడు చెంబులు వచ్చింది. "అర చెంబు ఎచ్చు వచ్చినాదే" అని కాటా రాళ్లను అనుమానించాడు. గుమస్తాతో పోట్లాడాడు కూడా. కాయలను మాత్రం అనుమానించలేదు. నన్నూ అనుమానించలేదు.

సువార్త పరిగెత్తింది. మా జిల్లాలో రెండో పిల్ల కనుచూపు మేరలో లేదు. చెంబుల పట్టిక ఊసు ఎవరూ ఎత్తలేదు. అన్ని జిల్లాల టైములూ వచ్చాక చూస్తే, చివరి చోటుకు నలభై సెకన్లు వెనకబడింది. ఆరు వందల మీటర్లు ఎక్కువ పరిగెత్తి, నలభై సెకన్లు!

ఆ వారంలోనే ఒక రోజు ఆయన నన్ను మళ్లీ దోవకు రమ్మన్నాడు. ఈసారి జేబులో గులకరాళ్లు.

"కాయలేమైనాయి సారూ?" అన్నాను.

టక్. టక్. వంద దాకా జవాబు లేదు. అప్పుడు ఒక రాయి నా చేతిలో పెడుతూ అన్నాడు. "పురుగు పట్టినాయప్పా."

ముప్పై మూడు రాళ్లు వచ్చాయి. మూడుసార్లు లెక్కపెట్టాడు. గేటు దగ్గర నేలమీద కూర్చున్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. ఆ రోజు ఆయన నా చెంప పగలగొట్టి ఉంటే ఈ పదేళ్లు నేను హాయిగా బతికేవాణ్ణి. మంచివాళ్లు మనకు చేసే ద్రోహం ఇదే.

సాయంత్రం ఒక కాగితం తెచ్చి నా ముందు పెట్టాడు. సెలక్షన్ కమిటీకి ఉత్తరం. 'దోవ ఆరు వందల మీటర్లు ఎక్కువగా ఉన్నది. కొలిచినది నేను. తప్పు నాది. అమ్మాయి టైము సరిచేయవలసినదిగా ప్రార్థన.'

"తెలుగు తప్పులుంటే చూడప్పా," అన్నాడు.

చూశాను. ఒక చోట ఒత్తు లేదు. పెట్టి ఇచ్చాను.

మరుసటి రోజు ఇద్దరం బస్సెక్కి పెద్దమనిషి దగ్గరికి పోయాం. పెద్దమనిషి ఉత్తరం చదివాడు, పట్టిక నోటుబుక్కు తిరగేశాడు. "మీ కొలతే తప్పని మీరే రాసిస్తే, ఇక మీ చెంబులను ఎవరు నమ్ముతారు మాస్టారూ? జట్టు పేర్లు నిన్ననే పంపేశాం," అన్నాడు. పద్నాలుగేళ్లు మధ్యాహ్నపుటెండలో ఒంట్లో నీళ్లు కార్చి రాసిన ఆ నోటుబుక్కు మీద టీ గ్లాసు పెట్టాడు. మేము లేచి వచ్చేటప్పుడు అట్ట మీద గుండ్రటి మరక ఉంది. మాస్టరు దాన్ని చొక్కా చేత్తో తుడిచి చంకలో పెట్టుకున్నాడు. తర్వాత దూరాలు కొలిచాడు గాని, మళ్లీ ఏ దోవనూ చెంబుల్లో కొలవలేదు. కాటా ఎక్కలేదు.

ఇదీ వాళ్లు 'పెద్ద మనసుతో క్షమించిన' సంగతి.

కాబట్టి మొన్న సభలో నేను లేచాను. మైకు లాక్కున్నాను. "ఆయన ఏ తప్పూ కొలవలేదు. ఆ మూడు కాయలూ తిన్నది నేను. నోరు మూసుకున్నది నేను," అన్నాను.

వెనక వరసలో ఎవడో కిసుక్కుమన్నాడు. ఆ నవ్వు ముందు వరసకు పాకింది.

"సచ్చినోని మింద గూడా కత కట్టినాడప్పా మన తెలుగు సారు!"

"మూడేనా సారూ, మూట తినలేదా?"

"మీ తాత తినలేదా?"

అందరికన్నా గట్టిగా నవ్వింది పెద్దమనిషి. నా భుజం తట్టి, "స్నేహితుడి కోసం నింద మీద వేసుకున్నారు, ఎంత మంచి మనసండీ" అన్నాడు. చప్పట్లు కొట్టారు! ముప్పై ఏళ్లుగా అబద్ధం చెబితే నమ్మినట్టు నటించినవాళ్లు, నిజం చెబితే చప్పట్లు కొట్టారు. ఆ గుంపులో ఒక్కడు, ఒకే ఒక్కడు, "కొలిచినావా?" అని అడుగుతాడేమోనని చూశాను. అడిగేవాడు ఫోటోలో దండ కింద ఉన్నాడు.

మరుసటి రోజు ఆటల గదిలో నుంచి చక్రం తీసుకుని కరువు పని జరిగే చోటికి పోయాను. చెరువులో పూడిక తీస్తున్నారు. అన్నం వేళ. సువార్త గంప బోర్లించి దాని మీద కూర్చుని ఉంది. పదేళ్లలో మనిషి ఎండిపోయింది. కాళ్లు మాత్రం అవే.

"ఏం సారూ, సబ అయిపోయినాదా? నేను రాలే," అంది.

చెప్పాను. కోత లేకుండా, తాత లేకుండా, అంతా చెప్పాను. వంద టక్కులంత సేపు గడిచాక ఆమె అడిగింది.

"ఎన్ని తిన్నారు?"

"మూడు."

"బాగుండినాయా?"

నేను చక్రానికి అంటిన మట్టిని గోరుతో గీకాను.

"సారు ఆ పొద్దే మా ఇంటికాడికి వచ్చినాడు. 'నేను తప్పు కొలిచినానమ్మా, నన్ను తిట్టు' అన్యాడు. తిట్టినా సారూ. నోటికొచ్చినట్ల తిట్టినా. వీధి వీధంతా వచ్చి చూసినారు. ఆయప్ప తల వంచుకొని ఆడనే నిలబడినాడు. ఈ పదేండ్లు దోవలో కనపడితే మొగం తిప్పుకున్యా. సచ్చినాడంటే గూడా పోలే." గంప మీద గుద్దింది. "ఇప్పుడొచ్చి చెప్తాండారా మీరు? ఇప్పుడా?"

లేచి చక్రం నా చేతిలోంచి లాక్కుంది. "నడ్సండి."

గుండు వాలు కిందికి వచ్చాం. నెత్తిన సూర్యుడు. ఆ పాపిష్టి ముక్క మొదలయ్యే చోట ఆగి, "చెప్పులు ఇడ్సండి," అంది. విడిచాను. "ఇంగ పరిగెత్తండి. నేను ఎనకాల కొలుచుకుంటా వస్తా."

నాకు యాభై రెండేళ్లు. పొట్ట ఉంది. పరిగెత్తాను. నాలుగు అడుగులకే అరికాళ్లు కాలిపోయాయి. వెనక చక్రం తప్పకుండా వస్తోంది, టక్, టక్, ఆగితే మడమకు తగులుతుంది. వందో టక్కు దగ్గర వెనక నుంచి చెయ్యి చాచి ఒక గులకరాయి నా అరచేతిలో పెట్టింది. నిటారు ఎక్కేచోట చేతులూ కాళ్లూ నేలకు ఆనించి పాకాను. ఆమె ఆగలేదు, అరవలేదు, ఊపిరి కూడా వినపడలేదు. రెండో రాయి. దిగేటప్పుడు జారి, మోకాలు చెక్కుకుపోయి, మళ్లీ లేచి, ఈ దోవలో ఈ ముక్కను ఆరు కిలోమీటర్లు పరిగెత్తిన తర్వాత పరిగెత్తిన ఒక పిల్లను మొదటిసారి తలచుకున్నాను. మూడో రాయి.

కూలబడ్డాను. ఆమె చక్రాన్ని నేలమీద పడుకోబెట్టి నా ముందు నిలబడింది.

"ఎన్ని సారూ?"

"మూడు."

"చూపియ్యండి."

పిడికిలి తెరిచాను. వంగి, వేలితో ఒక్కొక్క రాయినీ తాకి, లోపల్లోపల లెక్కపెట్టుకుంది. అచ్చం ఆయన లాగే. మొదటికి వచ్చి మళ్లీ లెక్కపెట్టింది.

"ఈసారి తినలేదు గదా?"

ఆమె నవ్వలేదు. చెరువు పనికి తిరిగి పోయింది.